రెండో హార్న్

మే పదిహేనో తారీఖు సాయంత్రం స్కూలు బ్యాండు రిహార్సల్ నుంచి వచ్చిన ఎయిరిన్, హార్న్ అనే ఇత్తడి బూర పెట్టెను వంటింటి బల్ల మీద దభీమని పెట్టింది. చలికోటు కూడా విప్పలేదు.

"పదిహేడో తారీఖు జాతీయ దినం ఊరేగింపు అయిపోగానే బ్యాండు మానేస్తున్నా. ముందే చెప్తున్నా, తర్వాత గొడవ చెయ్యొద్దు."

తల్లి తోరున్ పెనం మీద చేప వడలు తిప్పుతోంది. లుండ్‌వోగ్ రేవు నుంచి ఎదుటి దీవికి రోజుకు పద్నాలుగు సార్లు ఫెర్రీ నడిపే మనిషి ఆమె. గాలివానలోనే గొంతు పెంచదు, ఇక పన్నెండేళ్ల కూతురి ముందు పెంచుతుందా?

"ఏమొచ్చింది ఇప్పుడు?" అంది.

"ఏమొచ్చిందా? పాట నడిపే కార్నెట్ వాయించుకుంటున్న దాన్ని తీసుకెళ్లి రెండో హార్న్‌లో పడేశాడు మా మాస్టరు సిగ్వార్ట్. ఆ పెద్ద బూరలు, ట్యూబాలు, 'ఊం' అంటాయి, నేను 'పా' అంటాను. ఊం-పా, ఊం-పా. మార్చ్ మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా అదే. పాటలో 'పా' ఒక్కటే నాకిచ్చారు, మిగతాదంతా కార్నెట్లకి!"

తోరున్ ఫక్కున నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది.

"నేను తొమ్మిదేళ్లు అదే వాయించానే," అంది, నవ్వు ఆపుకుంటూ.

"అందుకే ఇలా తయారయ్యావ్."

"ఎలా?"

"ఎవరేమన్నా ఊరుకుంటావ్. అందరూ మాట్లాడాక, చివర్లో ఒక్క ముక్క అంటావ్. పా అని."

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవడానికి కారణం, అది చాలావరకు నిజం కావడమే. కాకపోతే తోరున్ దాన్ని లోపమని ఎన్నడూ అనుకోలేదు. అందరూ ఏం చేస్తున్నారో వింటూ, తన వంతు వచ్చేదాకా ఆగి, వచ్చిన క్షణాన తడబడకుండా అందుకోవడం ఆమెకు ఆ బ్యాండులోనే అబ్బింది. అడ్డగాలిలో ఎనభై కార్లున్న ఫెర్రీని గట్టుకు ఆనించేటప్పుడు ఆమె చేసే పని కూడా అదే. తనకు బతుకు నేర్పిన చోటు నుంచి కూతురు లేచి వచ్చేస్తానంటే ఆమెకు బాధగా ఉంది. కానీ ఇదంతా పిల్లకు చెప్పడమంటే పొద్దున్నే చేపనూనె చెంచా నోటికి అందించడమే. మంచిదే అని తెలిసినా మొహం తిప్పుకుంటుంది.

"వడలు చల్లారిపోతున్నాయి, కోటు విప్పు," అని ఊరుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి స్కూల్లో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. ఇరవయ్యారు మంది ఉన్న బ్యాండులో ఏడుగురు మంచం పట్టారు. వాళ్లలో, బ్యాండుకున్న ఇద్దరు ట్యూబా పిల్లల్లో ఒకడు, ఎయిరిన్ పక్కన రెండో హార్న్ వాయించే పిల్లాడు కూడా ఉన్నారు. బ్యాండు మాస్టరు సిగ్వార్ట్ చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. ఊళ్లో ఒకప్పుడు బ్యాండులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్లు చేశాడు.

"తోరున్, నీ పెదాలు పనిచేస్తున్నాయా ఇంకా?"

"చేస్తున్నాయి. కాఫీ తాగడానికి."

"చాలు. రేపు రెండో హార్న్. ఎనిమిదింటికి రేవు దగ్గర."

ఈ కబురు విని ఎయిరిన్ కుర్చీలో కూలబడింది. "నువ్వా? నా పక్కనా? అమ్మా, ఊరంతా చూస్తుంది!"

"చూడనీ. చూడ్డానికే కదా వచ్చేది."

"యూనిఫాం నీకెక్కడ పడుతుంది?"

అది మాత్రం న్యాయమైన ప్రశ్నే. స్కూలు అటక మీది బీరువాలో అన్నిటికంటే పెద్ద కోటు వెతికి తెచ్చుకుంటే, భుజాల దగ్గర సరిపోయింది కానీ పొట్ట దగ్గర రెండు గుండీలు ససేమిరా అన్నాయి. తోరున్ వాటికి పిన్నీసులు పెట్టి, పైన యూనిఫాం తాలూకు తెల్ల తాడు వేలాడేసి, అద్దంలో చూసుకుని తృప్తి పడింది. తర్వాత గ్యారేజీలోకి వెళ్లి తలుపేసుకుని హార్న్ నోటికి పెట్టుకుంది. ఇరవై ఏడేళ్ల తర్వాత వచ్చిన మొదటి స్వరం జలుబు చేసిన దూడ అరిచినట్టు ఉంది. పక్కింటి కుక్క బదులు పలికింది.

అరగంటయ్యాక స్వరం కుదురుకుంది. వేళ్లు ఏ మీట నొక్కాలో సగం మర్చిపోయాయి, అది నిజమే. కానీ ఎక్కడ అందుకోవాలో ఒంటికి గుర్తుంది. గ్యారేజీలోనే అటూ ఇటూ నడుస్తూ వాయించింది. అడుగు నేలను తాకితే ఊం, అడుగు లేస్తే పా. తాను ఎప్పుడూ ఆ బ్యాండు వదిలి రాలేదేమో అనిపించేంత సంతోషం కలిగింది ఆమెకు.

పదిహేడో తారీఖు పొద్దున మంచు కలిసిన వాన పడుతోంది. ఆ రోజు వాన పడుతుందని ఎవరూ ఇంట్లో కూర్చోరు. ఆడవాళ్లు ఎంబ్రాయిడరీ లంగాల మీద ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని వచ్చారు, పిల్లల చేతుల్లో కాగితం జెండాలు అప్పుడే తడిసి వేలాడుతున్నాయి. ముందు బ్యాండు, వెనక స్కూలు పిల్లలు, వాళ్ల వెనక ఊరు. పెద్ద డ్రమ్ము మోగింది, నడక మొదలైంది.

"తోరున్! ఫెర్రీని ఎవరికప్పజెప్పి వచ్చావే?" అని గట్టు మీంచి ఎవరో కేకేశారు.

"ఆ గుండీలు చూడండ్రా, ఎవరి కంట్లోనో పడతాయ్!" అని ఇంకొకరు.

నోట్లో హార్న్ ఉన్న మనిషి ఏం జవాబిస్తుంది? తోరున్ కనుబొమలెగరేసి 'పా' అంది. ఎయిరిన్ చెవులు ఎర్రబడ్డాయి. తల్లికి అరడుగు ఎడంగా జరిగి, రోడ్డు కేసి చూస్తూ, జీతానికి వాయిస్తున్నట్టు ముభావంగా వాయిస్తోంది. మానేసే పిల్ల వాయింపు ఎలా ఉంటుందో తోరున్‌కు తెలుసు. తన జతగాళ్లు ఒక్కొక్కరే మానేసిన ఏడాది అలాగే వాయించారు.

రేవు దాటి, పచ్చ రంగు చేపల గోడౌన్ మలుపు తిరిగితే చర్చి దాకా ఎత్తు. ఆ మలుపులో తోరున్ హార్న్‌ను నోటి నుంచి తీసి పొట్టకు ఆనించుకుని నడుస్తోంది.

ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. ఆమె చిన్నప్పుడు బ్యాండు మాస్టరు ఆన్‌ఫిన్ అనే ముసలాయన. పైపు కాల్చి కాల్చి ఊపిరి సగమైన మనిషి. కొండెక్కుతూ చెయ్యి ఊపడం ఆయన వల్ల కాక, 'గోడౌన్ దాటాక డ్రమ్ములు మాత్రమే' అని ఒక నియమం పెట్టేశాడు. తొమ్మిది మే నెలలు ఆ మలుపులో హార్న్ దించిన చెయ్యి, పదోసారీ తనంతట తానే దించేసింది. సిగ్వార్ట్‌కు ఇరవై ఎనిమిదేళ్లు, తెల్లవారుజామున కొండలెక్కి పరిగెత్తుతాడు. అలాంటి నియమం ఒకటుండేదని అతను విననైనా లేదు. బ్యాండంతా వాయిస్తూనే ఉంది.

నాలుగు అడుగులు వేశాక గానీ తోరున్‌కు తెలియలేదు. ఇన్నాళ్ల గొప్పా గంగలో కలిసినట్టే అనుకుంటూ హార్న్ ఎత్తబోయింది. ఎత్తబోతూ విన్నది.

మిగిలిన ఒక్క ట్యూబా కుర్రాడు యూనస్, ఎత్తు మీద వాద్యాన్ని మొయ్యలేక, ఒక 'ఊం' అని రెండు మింగేస్తున్నాడు. కార్నెట్లు ఉత్సాహం పట్టలేక ముందుకు ఉరుకుతున్నాయి. వెనక స్కూలు పిల్లల అడుగులు చెల్లాచెదురై తడి రోడ్డు మీద చప్పట్లు కొట్టినట్టు వినిపిస్తున్నాయి. ఇంత గందరగోళంలో ఒక్క 'పా' మాత్రం తన చోట తను ఉంది. అది ఎయిరిన్‌ది.

ఎయిరిన్ చటుక్కున తల తిప్పి తల్లిని చూసింది. ఆ చూపులో కోపం కంటే భయం ఎక్కువ. తోరున్ చేతులు హార్న్‌ను ఎత్తమని పీకుతున్నాయి. ఇప్పుడు తాను అందుకుంటే పిల్ల హమ్మయ్య అనుకుని మళ్లీ ముభావంగా వాయించుకుంటుంది. తాను అందుకోకపోతే, పిల్ల కూడా ఆపేస్తే, బ్యాండుతో పాటు ఆ పిల్లకు బ్యాండు మీద మిగిలిన ఇష్టం కూడా అక్కడే రోడ్డు మీద ఆగిపోతుంది. తోరున్ హార్న్‌ను గట్టిగా పొట్టకు అదుముకుని, ముందుకు చూస్తూ నడిచింది. అంత కష్టమైన పని ఆమె సముద్రం మీద కూడా చెయ్యలేదు.

తర్వాతి రెండు మూడు 'పా'లు వణికాయి. ఆ తర్వాతది వణకలేదు. పొట్టిగా, గట్టిగా, అడుగు లేచిన క్షణానికి సరిగ్గా పడింది. మరొకటి. మరొకటి. చిన్న డ్రమ్ము పిల్ల పక్క చూపు చూసి తన పుల్లల్ని ఆ చప్పుడుకు కలిపింది. యూనస్‌కు ఎక్కడ ఊదాలో దొరికింది, మింగేసిన 'ఊం'లు తిరిగొచ్చాయి. ముందుకు ఉరికిన కార్నెట్లకు వెనక నుంచి తోక పట్టుకుని లాగినట్టయి, దారికొచ్చాయి. ఎయిరిన్ ఇప్పుడు రోడ్డు కేసి చూడటం లేదు. మెడ నిక్కించి, బుగ్గలు పొంగించి, బ్యాండంతా తన వీపు మీదే ఉన్నట్టు ఎక్కుతోంది. తోరున్‌కు కళ్లు నిండాయి. ఎవరు చూస్తే ఏం అనుకుని కోటు చేతికి తుడుచుకుంది. చర్చి గేటు చేరేసరికి ఊరంతా ఒకే అడుగు వేస్తోంది.

బ్యాండు ఆగిందో లేదో ఎయిరిన్ తల్లి మీద విరుచుకుపడింది.

"ఎందుకాపేశావ్?"

"అలవాటులే. మా రోజుల్లో ఆ గోడౌన్ దగ్గర..."

"మీ రోజుల్లోనా! నన్నొక్కదాన్నే వదిలేశావ్! యూనస్‌గాడికి ఊపిరాడట్లేదు, ఆ కార్నెట్ల వాళ్లకి చెవులే లేవు, నేను గనక ఆపుంటే అందరం దొర్లుకుంటూ రేవులో పడేవాళ్లం, తెలుసా?"

"తెలుసు. తప్పంతా నాదే."

"నవ్వకు!"

"నవ్వట్లేదే."

హార్న్ ఎత్తబోయి దించుకున్న సంగతి తోరున్ చెప్పలేదు. చెప్పాలని కూడా అనిపించలేదు. ఆ కొండ ఇప్పుడు పిల్లది, అందులో వాటా అడగడం దేనికి?

సిగ్వార్ట్ రెండు చేతులా సాసేజ్ రొట్టెలు పట్టుకుని, తడిసిన జుట్టుతో నవ్వుతూ వచ్చాడు. "బాగా లాక్కొచ్చారు! తోరున్, వచ్చే ఏడు కూడా ఎవరైనా పడకేస్తే వస్తావా మరి?"

తోరున్ నోరు తెరిచేలోపే ఎయిరిన్ అందుకుంది.

"అమ్మ వద్దు. వచ్చే ఏడు నా పక్కన కొండ మీద ఆపెయ్యనోళ్లని వెయ్యి."