గంటసేపు వేసిన కుట్లు

మానిటోబా పల్లెల్లో, చుట్టూ ముప్పై మైళ్ల మేర గుర్రాలకు లాడాలు కొట్టే మనిషి రోవెనా ఒక్కతే. ఎంత మొండి గుర్రమైనా సరే, కాలెత్తి తన తొడల మధ్య ఇరికించుకుని, నడుం వంచి, డెక్క చెక్కి లాడం బిగించేది. పదకొండేళ్లుగా అదే పని.

అలాంటి మనిషి మార్చిలో తొలికాన్పుకు వెళ్లింది. పాప నాలుగున్నర కిలోలు. అదీ చెయ్యి చెంప పక్కన పెట్టుకుని మరీ బయటికొచ్చింది. రోవెనాకు కింద మలద్వారం చుట్టూ ఉండే కండరం దాకా చిరిగింది. ఆపరేషన్ గదికి తీసుకెళ్లి, నడుం కిందికి మత్తిచ్చి, డాక్టరమ్మ గంటసేపు కుట్టింది.

ఇంటికొచ్చాక ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం, మూత్రానికి వెళ్లినప్పుడల్లా మంట తెలియకుండా సీసాతో గోరువెచ్చని నీళ్లు పోసుకోవడం. దొడ్డికి వెళ్లాల్సిన మొదటి రోజైతే కాన్పుకన్నా ఎక్కువ భయపడింది. భర్త డెల్ పాపను ఎత్తుకుని తలుపు బయట నిలబడ్డాడు.

"బానే ఉన్నావా?"

"నువ్వు మాట్లాడకు."

సాఫీగా అయ్యేందుకు డాక్టరమ్మ ఇచ్చిన మందు పనిచేసింది. పందెం గెలిచినదానిలా నవ్వుతూ బయటికొచ్చింది రోవెనా.

ఆరు వారాలకు కుట్లు మానాయి. కానీ గాలి ఆగడం లేదు. తుమ్మితే బట్టలు తడుస్తున్నాయి. పాపను చూడ్డానికి చర్చివాళ్లు వచ్చిన రోజు, నలుగురి మధ్యా చప్పుడైపోయింది. రోవెనా ముఖం కందగడ్డయింది. అత్త ఓడిల్ వెంటనే తన కుర్చీని బరబరా లాగి, "ఈ కుర్చీతో ఎప్పుడూ ఇదే గోల" అంది.

అందరూ వెళ్లాక రోవెనా, "రేపు డాక్టరుకు ఫోన్ చేస్తాను" అంది.

"ఏమని చెబుతావ్?"

"ఉన్నదున్నట్టు. గుర్రం కుంటుతుంటే కాలెత్తి చూస్తాం కదా ఓడిల్. దాచిపెట్టం కదా."

ఓడిల్ కడుగుతున్న గిన్నె పక్కన పెట్టింది. "డెల్‌ను కన్నప్పుడు నాకూ చిరిగింది. ముప్పై నాలుగేళ్లుగా ఇదే అవస్థ. చర్చిలో తలుపు పక్క బెంచీ వదలకుండా ఎందుకు కూర్చుంటాననుకున్నావ్?"

"ప్రసంగం నచ్చక అనుకున్నాను."

"అదీ ఉందిలే."

ఇద్దరూ కలిసే ఆస్పత్రికి వెళ్లారు. అక్కడ మిరెల్ అనే అమ్మాయి ఇలాంటి కండరాలకు కసరత్తు నేర్పుతుంది. ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించి, "కండరం ఉంది, బలమే లేదు" అంది. గాలి ఆపుకున్నట్టు బిగించి, పైకి లాగి, పదంకెలు లెక్కపెట్టేదాకా పట్టాలి, ఆ తర్వాత పూర్తిగా వదలాలి. మొదటి రోజు రోవెనా మూడంకెలు పట్టింది, ఓడిల్ రెండు.

ఇంట్లో టిఫిన్ల వేళ ఇద్దరూ గోడ చూస్తూ బిగుసుకుపోయి కూర్చునేవాళ్లు.

"నామీదేమైనా కోపమా?" అన్నాడు డెల్ ఒక రోజు.

"పనిలో ఉన్నాం. ఏడు దగ్గర ఆపేశావ్" అంది వాళ్లమ్మ.

సెప్టెంబరులో, ఇక రోవెనా బరువులెత్తొచ్చని మిరెల్ ఒప్పుకుంది. ముందు బిగించు, ఊపిరి వదులుతూ ఎత్తు అని చెప్పింది. మొదటి పని పొరుగున ఉన్న గార్నెట్ ముసలాయన ఆడగుర్రం. పాపను ఎత్తుకుని ఓడిల్ కూడా వెంట వెళ్లింది.

"ఆర్నెల్లయింది నువ్వు కనబడి" అన్నాడు గార్నెట్. "పిల్లను కంటే ఇంత విశ్రాంతా? మా ఆవులు మర్నాడే మేతకెళ్తాయి."

"నీ ఆవులకు ఎన్ని కుట్లు పడ్డాయి గార్నెట్?" అంది ఓడిల్.

ఆయన టోపీ సర్దుకున్నాడు.

"మా కోడలికి లోపల కండరం తెగితే గంటసేపు కుట్టారు. ఇదిగో, నీ గుర్రం కాలెత్తడానికి వచ్చి నిలబడింది. చూసి నేర్చుకో."

మగవాళ్ల ముందు ఓడిల్ నోట అలాంటి మాట రావడం రోవెనా ఎన్నడూ ఎరగదు. నవ్వాపుకుని, బిగించి, ఊపిరి వదులుతూ గుర్రం వెనక కాలు ఎత్తింది. తూలలేదు. గంటలో అయ్యే పనికి రెండు గంటలు పట్టింది, మధ్యలో మూడుసార్లు కూర్చుంది. నాలుగో లాడం మేకు వంచి నడుం నిటారు చేసేసరికి చొక్కా చెమటకు తడిసింది, మిగతావన్నీ పొడిగానే ఉన్నాయి.

గార్నెట్ నాలుగు కాళ్లూ చూసి టోపీ తీశాడు. "వచ్చేవారం ఇంకో రెండున్నాయి. వస్తావా?"

"ఒకటే. రెండోది ఆ పై వారం" అని, రోవెనా పాప కోసం చేతులు చాపింది.