అయ్య కాలి క్లాంపు

మా అయ్య పాదం ఎనక్కి తిరిగింది. నవ్వొద్దు, నిజంగనే. మడిమ ముందుకు, వేళ్లు ఎనక్కి. ప్లాస్టిక్ పాదం కాబట్టి నొప్పి లేదు. కానీ అడుగేస్తే చాలు, గొట్టం గిర్రున తిరిగి మనిషి బొక్కబోర్ల పడుతుండు.

ఎండకాలం వెదురు లారీకి లోడు ఎత్తుతుంటే బొంగుల కట్టలు జారి మోకాలి కింద నుజ్జయింది. దవాఖానాల కాలు తీసేసిన్రు. తర్వాత భద్రాచలంల ఎవరో క్యాంపు పెట్టి ఈ కాలు ఇచ్చిన్రు. పైన తొడుగు, నడుమ గొట్టం, కింద పాదం. తొడుగునూ గొట్టాన్నీ కలిపేది అల్యూమినియం క్లాంపు. ఇంట్ల నడక నేర్చుకుంటుండంగనే అది పగిలింది. క్యాంపోళ్లకు ఫోన్ చేస్తే "మళ్ల క్యాంపు పెట్టినప్పుడు రాండ్రి" అన్నరు. ఎప్పుడు పెడతరయ్యా అంటే వాళ్లకే తెలవదు. థూ! మనిషికి కాలు గూడ వాళ్లు క్యాంపు పెట్టినప్పుడే మొలవాలె.

నేను రాంబాబును. సారపాక రోడ్డు మీద ఉదయ్ భాస్కర్ సారు వర్క్‌షాపుల కంప్యూటర్ చెప్పినట్టు లోహాన్ని కోసే సీఎన్‌సీ మెషీన్‌కు ప్రోగ్రాములు చేస్త. అక్కడే కిరాయి రూంల ఉంట, ఆదివారం మా ఊరికి పోత. కాయితం మిల్లులోళ్ల మెషీన్లకు ముక్కలు చేసేటోన్ని, కన్నతండ్రి కాలికి ఇంత ముక్క చెయ్యలేనా అనుకున్న. సారును అడిగితే స్క్రాప్‌ల నుంచి ఒక అల్యూమినియం దిమ్మె తీసిచ్చిండు. "మధ్యాహ్నం అన్నం టైములో చేసుకో. కటర్ విరిగిందో, నీ వీపు విరుగుద్ది" అని నవ్విండు. మంచోడే.

క్లాంపంటే పెద్ద ఏం కాదు. మందపాటి ఉంగరం, దానికి ఒక పక్క చీలిక. బోల్టు బిగిస్తే చీలిక దగ్గరికొచ్చి ఉంగరం గొట్టాన్ని పట్టుకుంటది. ప్రాణమంతా ఆ చీలికలనే ఉంది. మా సాఫ్ట్‌వేర్‌కేమో బుద్ధి తక్కువ. చీలికను సెలెక్ట్ చేస్తే దాన్ని గుంత అనుకుంటది. చుట్టూ గోడలున్నయనుకొని కటర్‌ను నడిమిట్ల నిట్టనిలువు దించుతది. సన్నటి కటర్ ఆగుతదా, పుటుక్కుమంటది. అందుకే ఈ అంచుకు గోడ లేదు, తెరిచే ఉంది అని మనమే నొక్కి చెప్పాలె. అప్పుడు కటర్ బయట గాలిలనే కిందికి దిగి, పక్క నుంచి లోపలికి కోసుకుంటా వస్తది. అవతల బోరుల, అంటే ఉంగరం నడిమి బొక్కల, ఎంతవరకు పోయి ఆగాల్నో గూడ చెప్పాలె. లేకుంటే ఎదురు గోడను కొరుకుతది.

అన్నీ చెప్పిన. కంప్యూటర్ల నడిపి చూస్తే ముద్దుగ వచ్చింది. మెషీన్ మీద పెట్టిన. ఇగ అయిపోవస్తుందనంగ ఉంగరం తనంతట తనే ముడుచుకొని కటర్‌ను కొరికి పట్టింది. కటర్ రెండు ముక్కలు. ఉంగరాన్ని కోస్తే అది కదులుతదని కంప్యూటర్‌కు ఎవడు చెప్పిండు? నాకే యాదికి లేకపాయె.

ఆ మర్నాడు నన్ను కన్న మా అవ్వ వర్క్‌షాపు గేటు కాడికి వచ్చింది. ఎన్నడూ రాని మనిషి. పేరు చిన్నక్క గానీ నోరు పెద్దది, ఊరంతా భయపడతది. అసొంటిది కొంగు నోట్ల కుక్కుకొని నిలబడ్డది.

"కాలు చెయ్యకు బిడ్డా" అన్నది.

"ఏందవ్వా, పిచ్చి లేసిందా నీకు?"

"చేస్తే చేను కాడికి పోతడు."

"పోనీ. ఎన్నొద్దుల నుంచి చేను చేను అని పానం కొట్టుకుంటుండు."

"చేను లేదురా."

వానలు పడ్డప్పుడే ఫారెస్టోళ్ల జేసీబీ వచ్చిందంట. వాగు అవతల మా పోడు చేను చుట్టూ కందకం కొట్టిన్రంట. పట్టా కాయితం ఏదన్నరంట. మా తాతలు చెట్లు కొట్టి చేసిన చేనుకు కాయితం ఎవరు రాసిన్రు? జొన్న మొలకల మీదనే దున్ని జామాయిల్ మొక్కలు పెట్టిచ్చిన్రు. అయ్య అప్పటికే కాలు పోయి మంచాన పడ్డడు. చెప్తే గుండె పగిలి పోతడని అవ్వ చెప్పలే. నాకూ చెప్పలే. చెప్తే నేను ఊకుండనని దానికి తెలుసు.

"మొక్కలు పెట్టింది ఎవరనుకున్నవ్? నేనే" అన్నది అవ్వ. "కూలికి పిలిచిన్రు. నేను పోకుంటే ఇంకొకతె పోతది. మిరప తోటకు పోతున్నని ఆయనకు చెప్పి, దినాం మన చేన్లకే పోతున్న."

"మరి ఇంట్ల జొన్నలు?"

"అంగడిల కొన్న. మన చేన్లయే అని గుమ్మిల పోసిన."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాల్నో తెలవక గేటును తన్నిన. అవ్వ ఇంకా అయిపోలేదన్నట్టు నిలబడ్డది.

"కొత్తల పండుగ ఎట్ల చేసినం అనుకుంటున్నవ్ రా?"

అప్పుడు సమజైంది. మాలో కొత్త పంట వస్తే ముందు కాలం చేసిన పెద్దలకు పెట్టాలె. మన చేన్ల మన చేత్తోటి పండింది పెట్టాలె. అది అయ్యేదాక గింజ నోట్లేసుకోరు. మొన్న పండుగకు మా అయ్య కుంటుకుంట వచ్చి కూసొని, చేతులారా కొత్త జొన్నలు పెద్దలకు పెట్టిండు. నా కాలు మంచిగైతే మళ్ల ఏడు ఇంకా ఎక్కువ పండిస్త అని మొక్కిండు గూడ. నేను పక్కనే కూసొని చూసిన.

"పెద్దలకు ఎవరి గింజలో పెట్టిచ్చిన" అన్నది అవ్వ. "తెలిస్తే మీ అయ్య బతుకుతడా? నువ్వే చెప్పు."

క్లాంపు పని పక్కకు పెట్టిన. అయ్యకు ఫోన్ చేసి, కటర్లు రాలే, ప్రోగ్రాం కుదురుతలేదు అని చెప్పుకుంటొచ్చిన. "కానీ బిడ్డా, మెల్లగ చెయ్యి" అనేటోడు.

ఎన్నాళ్లని ఆగుతడు? ఒకనాడు ఆ తిరుగుడు పాదంతోనే కట్టె పట్టుకొని బయల్దేరిండు. వాగు ఒడ్డున రాళ్ల మీద పడి మొఖం పగలగొట్టుకున్నడు. పసులు కాసేటోళ్లు మోసుకొచ్చిన్రు. పోయి చూస్తే పెదవి చీలి, కన్ను వాచి, నన్ను చూసి నవ్వుతుండు. "చేను కాడిదాక పోతి గానీ కొద్దిల తప్పింది" అన్నడు. కొద్దిల ఏం కాదు, వాగు గూడ దాటలే.

ఇంక నాతోటి కాలే. చేను లేదని చెప్పే ధైర్యం లేదు, కాలు తయారు కాలేదని అబద్ధమాడే మొఖమూ లేదు. రెండిట్ల కాలు చేసుడే సులువు అనిపించింది. మర్నాడు అన్నం మానేసి కూసున్న. ఈసారి చీలికను ఒక్కసారే కొయ్యలే. పల్చగ పొరలు పొరలుగ, రెండు గోడలకు జర్రంత మిగిల్చి కోసిన. ఉంగరం ఎంత ముడుచుకుంటదో ముడుచుకోనిచ్చి, అప్పుడు గోడలను ఒక్కొక్కటి సుతారంగ గీకిన. బోరు చివరికి చేసిన. సారు వచ్చి వేలితోటి తడిమి చూసి "అబ్బ, ఏం వచ్చింది రాంబాబూ!" అన్నడు. ఏడుపొచ్చి పక్కకు పోయిన.

ఆదివారం పొద్దుగాల ఊరికి పోయేసరికి అవ్వ అప్పటికే కూలికి పోయింది. అయ్యకు కాలు తొడిగి బోల్టు బిగించిన. లేచి నిలబడ్డడు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసిండు. పాదం నిలువుగ ఉంది.

"పద" అన్నడు.

"యాడికి?"

"యాడికేంది? చేను కాడికి."

తొవ్వ పొడుగున చెప్దామనే చూసిన. "అయ్యా, ఒక మాట" అన్న. "మీ అవ్వ కోతల మిగిలిన జొన్న దుబ్బులు పీకి ఉండదు, తెల్సు నాకు. ఒక్కతే ఎంతని చేస్తది? ఇయ్యాల నేను పీకుత" అన్నడు. వాగు దాటినంక మళ్ల "అయ్యా" అన్న. "నీ చేతికి పని వచ్చింది కొడుకా, పెద్దల దయ" అని నా వీపు తట్టిండు.

కందకం కాడ ఆగిండు. అవతల వరసలు వరసలుగ జామాయిల్, నడుం ఎత్తు. ఆడోళ్లు వంగి గడ్డి చెక్కుతున్నరు. అండ్ల ఒకతె నడుం ఎత్తి చూసింది. మా అవ్వ. చేతుల పార కింద పడేసి ఉరికొచ్చింది, కానీ కందకానికి అవతలనే ఆగింది.

తిడతడనుకున్న. ఏడుస్తడనుకున్న. ఆయన చేను గురించి ఒక్క మాట అడగలే.

"కొత్తల నాడు నేను పెద్దలకు పెట్టినయ్ ఎక్కడి గింజలే?"

"అంగడియి."

"ఎవరి చేన్లయి?"

"తెలవదు" అన్నది అవ్వ.

కాలు గట్టిగ ఉంది. నేను చేసిన క్లాంపు ఎంట్రుకవాసి కదల్లే. కదిలి పడిపోతే పట్టుకుందును, పట్టుకొని ఏదన్న అందును. పడలే.

"ఇప్పురా దీన్ని" అన్నడు చివరికి.

"అయ్యా, ఇల్లు దూరం..."

"ఇప్పు. నాకు నడవబుద్ధి అయితలేదు."

బోల్టు ఇప్పిన. కాలు చంకల పెట్టుకొని, అయ్యను వీపున ఎత్తుకున్న. ఎముకల మూట, బరువే లేడు. వాగు దిక్కు నాలుగడుగులు వేసిన్నో లేదో, ఎనక కందకం దిగి ఎక్కి అవ్వ వస్తున్న చప్పుడైంది. అయ్య నా భుజం మీది నుంచే తల తిప్పిండు.

"నువ్వెందుకే వస్తున్నవ్? పో. సగం పూట కూలి కోస్తరు."

అవ్వ మళ్ల కందకం దాటి మా చేన్లకు కూలికి పోయింది.