దండకు జాగా

పాత చీరలో చుట్టిన పటాన్ని స్కూటరు వెనక నిలబెట్టి, సన్యాసిరావు తాడు మరో చుట్టు బిగించాడు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. గుడ్డ తగిలితే మొహం చెదిరిపోతుందని నాలుగు మూలలా అట్టముక్కలు పెట్టి, వాటిమీంచి చీర కప్పి, పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపుతున్నంత జాగ్రత్తగా కట్టాడు. అరవై దాటిన వేళ్ళు, గోళ్ళ సందుల్లో ఎప్పటిదో ఎర్రమన్ను రంగు.

"బతికున్న మనిషి బొమ్మ ఏటండీ మీకు?" అంది ప్రసూన గుమ్మంలోంచి, మళ్ళీ. "రేపేటైనా అయితే మన పేరే సెప్తారు."

"ఇన్నాళ్ళూ మనుషులు పోయేకే గీసేను. ఓపాలి అవకముందు గీస్తే తప్పేటే?"

"అవకముందు కాదు, గీసేక అయితే అంతన్నాను."

సన్యాసిరావు కిక్కు కొట్టాడు. ఇలాంటప్పుడు స్కూటరు మాత్రం వెంటనే స్టార్టవుతుంది.

ప్రసూన భయం ఊరికే పుట్టింది కాదు. సన్యాసిరావు ఈ హిందీ ఊరికి వచ్చిన మొదట్లో దయాల్‌బంద్‌లో దుకాణాలకి బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి బోర్డు బతుకు కాస్తా బోర్లా పడింది. అప్పట్నుంచి పోయినవాళ్ళ పోలికలు పోకుండా పట్టుకోవడమే పని. ఎవరింట్లో ఎవరు పోయినా, పెళ్ళి గుంపులో వెనక వరసలో సగం కనబడే మొహమో, ముక్కుమీద రబ్బరు ముద్ర పడిన రైల్వే పాసు ఫోటోనో తెచ్చి ఇచ్చేవాళ్ళు. అతను దాన్ని గోడకెక్కే మనిషిని చేసేవాడు. చివరికి ఎలా తయారైందంటే, ఆసుపత్రిలో తెలిసినవాళ్ళని పలకరించడానికి వెళ్తే, "ఇంకా లేదు మాస్టారూ, అయితే కబురెడతాం," అని గుమ్మంలోనే తిప్పి పంపేవాళ్ళు.

అది నవ్వుకుని వదిలేసేవాడు. నవ్వుకోలేనిది ఇంకొకటుంది. గీసిన బొమ్మ అప్పజెప్పగానే పెద్దకొడుకు ముక్కు పొడుగైందంటాడు. చిన్నకోడలు, "మా మావగారి కళ్ళలో ఇంత మంచితనం నేనెప్పుడూ సూడలేదండి," అంటుంది. పోలిక కుదిరిందో లేదో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి మాత్రం దండ వెనక నోరు మూసుకుని కూర్చుంటాడు. ఇన్నేళ్ళుగా సన్యాసిరావు పరీక్షలు రాస్తూనే ఉన్నాడు, ఒక్క ఫలితమూ రాలేదు. ఆ ముల్లు రాత్రుళ్ళు తిరగబడి గుచ్చుకునేది.

అందుకే ఊరి చివర ఉస్లాపూర్ నుంచి అప్పయమ్మ కబురు పెట్టగానే ఎగిరి ఒప్పుకున్నాడు. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి కొత్తకోడలుగా వచ్చి, మొగుడు పనిచేసిన రైల్వే లోకో షెడ్డు కోటర్లలో బతుకంతా గడిపి, ఇప్పుడు కొడుకు సూర్యం కట్టుకున్న ఇంట్లో ఉంటోంది. "నాను పోతే ఈళ్ళు ఆధార్ కార్డు బొమ్మ పెద్దది సేయించి ఎడతారు. అందులో నాను కోడిని దొబ్బేసిన దొంగలాగున్నాను. నువ్వు గీయి. నాను సూసుకుని పోతాను," అంది. కొన్ని పొద్దుల పాటు ఆవిడ ఎదురుగా కూర్చుని పెన్సిలుతో గీసుకుని, ఇంటి దగ్గర రంగులు వేశాడు. ఇవాళ ఫలితాల రోజు.

సూర్యానికి ఇవాళ డ్యూటీ లేదు. సన్యాసిరావు చేరేసరికి వరండాలో బూట్లు తుడుచుకుంటున్నవాడల్లా స్కూటరు మీది మూట చూసి లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, యే సబ్ జరూరీ థా క్యా, ఇదంతా అవసరమా? అమ్మ మొండిది సరే, మీరైనా ఒద్దనాలి కదా. నాకు గుండె దడదడలాడతంది."

"నాకూ అలగే ఉంది బాబూ," అన్నాడు సన్యాసిరావు. ఇద్దరి దడా ఒకటి కాదు.

కిటికీ పక్క మంచం మీద అప్పయమ్మ చుట్ట కాలుస్తోంది. అడ్డపొగ, కాలుతున్న కొస నోటి లోపల, చల్లటి కొస బయట. బుగ్గలు రెండూ లోపలికి పోయి, ఎముకల మీద చర్మం పల్చటి కాగితంలా ముడతలు పడింది. ఆవిడ మొహమే అంత: నిప్పు లోపల, నవ్వు బయట.

"పొద్దున్నే చుట్టేటి పిన్నీ?"

"సుట్టాల కన్నా సుట్టే నయం నాయనా. పిలిస్తే వస్తాది, ఆర్పితే పోతాది. ఇప్పు, ఇప్పు."

పటాన్ని కుర్చీలో నిలబెట్టి చీర తీశాడు. తీసి, పటంవైపు గానీ ఆవిడవైపు గానీ చూడకుండా ఫ్యానువైపు చూశాడు. అప్పయమ్మ కళ్ళజోడు అడిగింది. దగ్గరగా వంగి చూసింది, వెనక్కి జరిగి చూసింది. ఎక్కడో రైలు కూత పెట్టింది.

"మొకం నాదే," అందావిడ. అతను ఊపిరి వదలబోతుండగా, "అయితే నన్నిలగ నూతిలో ఎట్టేసినావేటి? సుట్టూరా ఇంత జాగా ఎందుకొగ్గేసినావు?"

అప్పుడు చూసుకున్నాడు సన్యాసిరావు. పటానికి దండ వేస్తే అది పై నుంచి రెండు పక్కలా జారి, గడ్డం కింద ఊగుతుంది. మొహం మీద పడకూడదని బొమ్మని మధ్యకి లాగి, చుట్టూ ఖాళీ వదలడం అతని పద్ధతి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కబుర్లు చెప్పించుకుంటూ గీసినా, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

అతను చెప్పేలోపే ఆవిడ కనిపెట్టేసింది. "దండకా?"

"అమ్మా!" అన్నాడు సూర్యం.

అప్పయమ్మ నవ్వింది. పొగ తన్నుకొచ్చి చుట్ట తీసి పట్టుకోవలసి వచ్చింది. "సూసినావురా, నాకంటే ముందు నా దండొచ్చి కూకుంది!"

"తప్పయిపోయింది పిన్నీ. చెయ్యి అలవాటు పడిపోయింది. మళ్ళీ కొత్తది గీస్తాను."

"మొకం నాదేనన్నాను గదా. జాగా నింపు, సాలు."

"దేంతో?"

"వెంకన్న బొమ్మ ఏయించుకోవే," అన్నాడు సూర్యం ఆశగా.

"దేవుడి పక్కన కూకుంటే నాకూ కొబ్బరికాయ కొట్టేస్తారు. ఒద్దు. సెడ్డు కాడ మన కోటరు వంటింటి కిటికీ ఎయ్యి. మీ నాయన డూటీ దిగి పట్టాలమ్మట వస్తంటే బొగ్గుమసికి పళ్ళు తప్ప ఇంకేటీ తెల్లగా కనపడేది కాదు. ఆ కిటికీలోంచే సూసేదాన్ని."

"ఆ కోటర్లు పడగొట్టేసారు కదమ్మా."

"అందుకే ఎయ్యమన్నాను."

సన్యాసిరావు సంచిలోంచి కుంచెలు తీశాడు. కొంచెం పని అనుకున్నది కుంచెడు పనైంది. ఆవిడ చెబుతుంటే ఊచలొచ్చాయి, బట్టల తాడొచ్చింది, వంకాయ మొక్కొచ్చింది, వెనకాల బొగ్గు వేగన్లొచ్చాయి. ఒక ఊచ వంకరగా ఉండాలట. చిన్నప్పుడు సూర్యం తల అందులో ఇరికించుకుంటే షెడ్డు నుంచి తండ్రి పరిగెత్తుకొచ్చి వంచాడట.

"అది కాదు మాస్టారూ, దాని పక్కది," అన్నాడు సూర్యం, గుమ్మంలోంచి. కాసేపటికి స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. వేగన్లకి ఎరుపు ఎక్కువైందన్నాడు. గుండెదడ సంగతి మర్చిపోయినట్టున్నాడు; టీ రెండుసార్లు తనే పెట్టుకొచ్చాడు.

"ఆకర్న నా సుట్ట," అంది అప్పయమ్మ. "నోట్లో ఎట్టకు, ఈడి పరువు పోద్ది. కిటికీ గట్టుమీద ఎట్టు. సగం కాల్సింది. ఇప్పుడే వస్తానని ఎల్లినట్టుంటాది."

పొద్దు వాలే వేళకి మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఈసారి ఎక్కువసేపు చూడలేదు.

"ఇది నానే," అంది. "ముక్కుతో సహా."

సన్యాసిరావు నేలమీద చతికిలబడ్డాడు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీక రెండిటికీ పనికొచ్చేలా ముక్కు తుడుచుకున్నాడు. ముల్లు ఊడిపోయిన చోట చల్లగా ఉంది.

అప్పయమ్మ చుట్ట కొస గోడకి నొక్కి ఆర్పి, మంచం పక్క కిటికీ గట్టుమీద పెట్టింది. "కునుకు తీసి లేచేక కాలుస్తాను. ఎల్లిరా నాయనా."

పటాన్ని ఆరడానికి ఆవిడ ఎదుటే వదిలి ఇంటికొచ్చాడు. కుంచెలు కిరసనాయిల్లో కడుగుతూ ప్రసూనకి ముక్కు సంగతి చెబుతుండగా ఫోను మోగింది.

"మాస్టారూ... అమ్మ లేవలేదు."

ప్రసూన అతని మొహం చూసి, అడగకుండానే గోడకి ఆనుకుంది. సన్యాసిరావు తిట్లకోసం కాచుక్కూర్చున్నాడు. అవతల సూర్యం ముక్కు చీదుకున్నాడు.

"ఇంక ఎన్నో రోజులు ఉండదని డాక్టరు కిందటి నెలే సెప్పేసాడండి. మీరు గీయరేమోనని అమ్మ సెప్పనివ్వలేదు. నిద్దట్లోనే పోయింది. మొకం... అచ్చం మీ బొమ్మలాగే ఉందండి."

మొగుడూ పెళ్ళాం వెళ్ళేసరికి ఇల్లు నిండింది. వచ్చినవాళ్ళు పటం ముందు ఆగుతున్నారు, వేలు పెట్టి ఊచలు లెక్కపెడుతున్నారు. ముక్కు గురించి ఒక్కరూ ఎత్తలేదు. ఎవరో లావుపాటి బంతిపూల దండ తెచ్చారు. సూర్యం అది పట్టుకుని పటం దగ్గరికెళ్ళాడు. పైన బట్టల తాడు, ఒక పక్క వంకాయ మొక్క, ఒక పక్క వేగన్లు, కింద గట్టు. అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగి, దండ తీసుకెళ్ళి అమ్మ మెడలోనే వేశాడు.

మంచం పక్క కిటికీ గట్టుమీద, సగం కాలిన చుట్ట పెట్టినచోటే ఉంది. కొసన ఆవిడ నోటి తడి ఇంకా ఆరలేదు.