నీలం ప్లాస్టిక్ కుర్చీ

పాతకాలపు సామాను సేకరించి ఇళ్లు అలంకరించడం ఆయన వృత్తి. సొంత ఇల్లే ఆయనకు షోరూమ్. గోడల నిండా గులాబీల కాగితం, పక్షి లేని పంజరంలో దీపం, టీకప్పుల్లో మొక్కలు. చూడవచ్చినవాళ్ల ముందు ఇంటికి తగ్గట్టుండాలని భార్య కూడా పొద్దస్తమానం బుట్టచేతుల చుక్కల గౌనే వేసుకోవాలి.

"ఈ కుర్చీల్లో నడుం పట్టేస్తోందండీ," అంది ఒకరోజు.

"అవి కూర్చోడానికి కాదోయ్, చూడ్డానికి!" అని నవ్వేశాడాయన.

ఆమెకు ఒళ్లు మండింది. మర్నాడే బజారుకెళ్లి నీలం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొనుక్కొచ్చి, వెనక వసారాలో బట్టలారేసే తీగ కింద వేసుకుంది. కాళ్లు బారజాపుకుని కూర్చుంటే ప్రాణం లేచొచ్చింది. కొన్నాళ్లపాటు ఆ మూలే ఆమెకు పుట్టిల్లయింది.

చివరికి అది ఆయన కంట పడనే పడింది. ఆమె గొడవకు సిద్ధపడింది. ఆయన మాత్రం కుర్చీ చుట్టూ తిరిగి చూసి, "పిచ్చిదానా, నాకు చెప్తే పోయేదిగా!" అన్నాడు మురిపెంగా.

సాయంత్రానికి కుర్చీకి లేత ఆకుపచ్చ రంగు పడింది, వీపున గులాబీలు పూశాయి, చేతులకు లేసు చుట్టుకుంది. హాల్లో కిటికీ పక్కన పెట్టి ఆమెను పిలిచాడు.

"ఎలా ఉంది? నీ కోసమే చేశా."

అంత ప్రేమగా అడిగితే ఏమంటుంది? "బాగుందండీ," అంది. కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"రంగు ఆరలేదు, ముట్టుకోకు."

ఆమె వసారాలోకి వెళ్లి, ఖాళీ అయిన మూలలో గోడకు చేరబడి నిలబడింది.

"ఇంకేమైనా కొనుక్కోవాలనుంటే చెప్పు, దానికీ రంగేద్దాం!" లోపల్నించి ఆయన హుషారుగా కేకేశాడు.