అత్తగారి ఎండ

"అమ్మకి పాలిచ్చావా?"

పొద్దున్నే మా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఇదే.

దాపరికం ఎందుకు, నాకు మా అత్తగారంటే కుళ్లు. ఆవిడ నగలు చూసి కాదు, పెత్తనం చూసీ కాదు. ఆవిడ ఎముకలు చూసి. బాత్రూంలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. నొప్పే పాపం, కాదనను. కానీ ఆ కట్టుతోపాటు ఎంత వైభోగం వచ్చిందమ్మా! బాల్కనీలో ఎండ పడేచోట కుర్చీ, చేతిలో పాలగ్లాసు, పక్కన నిలబడి కాల్షియం బిళ్ల అందించే కొడుకు. ఇన్నేళ్ల కాపురంలో నాకు తలనొప్పి మాత్రయినా అందించని చెయ్యే అది! ఆ ఎండ నా వంటింట్లోకి రాదు. నేను చొక్కాల కాలర్లు కుట్టే చోటు బేస్‌మెంట్లో ఉంది, అక్కడికీ రాదు. చీకటి పడ్డాక ఇంటికొచ్చి, అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తింటాను. పాలా? కాఫీలకి పోగా మిగిలితే తోడు పెట్టాలిగా!

"నీకేమే, గుండ్రాయివి" అంటుంది అత్తగారు. పొగడ్త అనుకుని మురిసిపోయాను కూడా, నా మొహం.

నిన్న కట్టు విప్పించడానికి ఆసుపత్రికి వెళ్లాం. ఆవిణ్ణి బల్ల మీదికి ఎక్కిస్తుంటే నా నడుం కలుక్కుమంది. గోడ పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఎముకల డాక్టరమ్మ అత్తగారిని వదిలేసి నావైపు తిరిగింది.

"ఎన్నాళ్లనుంచి ఈ నొప్పి?"

"తనకేం లేదండీ, మామూలే" అన్నారు మా ఆయన.

"నొప్పి ఆవిడది కదండీ. ఆవిణ్ణే చెప్పనివ్వండి."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. అన్నీ చెప్పాను. ముప్ఫై దాటాయో లేదో, గర్భసంచితోపాటు అండాశయాలూ తీయించేశారని చెప్పాను. 'పీడా పోయింది, ఇక నెలనెలా గొడవుండదు' అని అప్పట్లో ఈయన అన్న మాట మాత్రం మింగేశాను.

అత్తాకోడళ్లిద్దరికీ ఎముకల పరీక్ష చేయించి, మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది డాక్టరమ్మ.

"ఎముకల జబ్బులన్నీ ఒకటి కాదమ్మా. వయసుకీ బరువుకీ కీళ్లు అరుగుతాయి. కీళ్లవాతం వేరు, ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్లమీద తిరగబడుతుంది. ఎండ తగలక డి విటమిన్ చాలకపోతే పిల్లలకి కాళ్లు వంకరపోతాయి, పెద్దవాళ్లకి ఎముక మెత్తబడుతుంది. ఇక ఎముక గుల్లబారడం. ముట్టు ఆగిన ఆడవాళ్లకి ఎక్కువ. ఆపరేషన్‌తో ముందే ఆగిపోతే ముందే మొదలవుతుంది. విరిగేదాకా చప్పుడు చెయ్యదు. మీ ఇద్దరిలో ఎక్కువ గుల్లబారినవి కోడలి ఎముకలే."

"కాగితాలు తారుమారయ్యాయేమో, ఓసారి చూడండి" అన్నారు మా ఆయన.

చూసింది. తారుమారు కాలేదు.

డెబ్భై దాటిన ఆవిడ ఎముకలు నావాటికంటే గట్టివిట! ఆ పాలు కాచింది నేను, చల్లార్చింది నేను, గ్లాసు కడిగింది నేను.

ఆటోలో తిరిగొస్తున్నాం. ఇల్లు దగ్గరపడుతుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకుంది.

"ఆ బాల్కనీ కుర్చీ మా అత్తగారిది. ఆవిడ పోయాకే నాకు దక్కింది. బాధపడకు, నా తరవాత నీదేగా."

ఓదార్పనుకునే అంది పిచ్చిమాలోకం. ఆవిణ్ణి చూసి కుళ్లుకోడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. ఆ కుర్చీ కోసం ఆవిడ చావుకి ఎదురుచూడాలా నేను?

ఇవాళ పొద్దున భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి బాల్కనీలోకి ఈడ్చుకెళ్లాను.

"అత్తయ్యా, కాస్త జరగండి."

ఆవిడ నన్నూ కుర్చీనీ మార్చి మార్చి చూసి, జరిగింది. కూర్చుని కాళ్లు చాపాను. పాదాల మీద ఎండ వెచ్చగా ఉంది.

"అమ్మకి పాలిచ్చావా?" లోపల్నించి కేక.

"స్టవ్ మీదున్నాయి. పొంగకుండా చూసుకుని, రెండు గ్లాసులు తెండి."