మోపెడ్ మోసిన మిర్చి

నాన్న మోపెడ్ సాక్షి బోను ఎక్కి నిలబడి ఉంది. ప్రమాణం చేయమంటే ఒకసారి హారన్ కొడుతుంది. బెంచి క్లర్కు అది రాసుకుంటాడు.

నేను ఎదుటి బోనులో ఉన్నాను, మొదటి ముద్దాయిని. పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నది రెండో ముద్దాయి చలమయ్య గారు. నాకు ఉద్యోగం ఇచ్చిన మిర్చి వ్యాపారి. నా పేరు మీద ఆయన ఒక కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ, అసలు లేని మిర్చిని కొన్నట్టూ అమ్మినట్టూ బిల్లులు పుట్టించి, సర్కారుకు కట్టాల్సిన పన్ను ఎగ్గొట్టింది. ఇప్పుడు అంతా నేనే చేశానని ఆయన అంటున్నారు. కోర్టు నమ్మితే నేను జైలుకు పోతాను.

"బి.కాం. చదివాడండీ," అంటాడు చలమయ్య గారి ప్లీడరు. "ఆ ఇంట్లో మొదటి డిగ్రీ. చదువొచ్చినవాడు చదవకుండా సంతకం పెడతాడా?"

నా డిగ్రీ పట్టా లేచి నిలబడి తల వంచుకుంటుంది. దాన్ని చూస్తే నాకే జాలేస్తుంది. పని ఇచ్చినవాళ్ళు కాగితం ముందు పెడితే మా ఇళ్ళలో సంతకం పెట్టి దణ్ణం పెడతాం. చదివితే అనుమానించినట్టు. ఆ మర్యాదను మాన్పించే పాఠం కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

"నేనే పెట్టమన్నా బాబూ," వెనక బెంచీలోంచి అమ్మ లేస్తుంది. అమ్మ గుంటూరు యార్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది. "అయ్యగారు కొలువిచ్చారు, ఏడ పెట్టమంటే ఆడ పెట్టరా అన్నా. ఏస్తే నన్నెయ్యండి లోపల."

"మీ పేరు పిలవలేదమ్మా, కూర్చోండి," అంటారు జడ్జి గారు.

సర్కారు ప్లీడరు హైమవతి గారు మోపెడ్ దగ్గరికి వెళ్తారు. "బిల్లుల్లో లారీ నంబరు ఉండాల్సిన చోటల్లా నీ నంబరుంది. అన్ని బస్తాలు నువ్వు మోశావా?"

మోపెడ్ గొంతు అచ్చం నాన్న గొంతే, కాస్త పొగ కలిసి. "పిల్లోడు నన్ను ఆఫీసు కిటికీ కింద పెట్టి లోపలికి పోయేవాడమ్మా. కిటికీలోంచి చలమయ్య గారు తొంగిచూసి నా నంబరు చెబితే ఎవరో రాసుకునేవాళ్ళు. బస్తాలైతే నామీద ఎవరూ ఎక్కించలా. ఎక్కిస్తే మోస్తా. కాదనే అలవాటు లేదు."

"ఎక్కించండి," అంటారు జడ్జి గారు.

బిల్లుల్లోని బస్తాలు బయటికి వస్తాయి. వాటికి హమాలీలు లేరు కాబట్టి అవే నడిచి వస్తాయి. చోటు చాలక హాలు వెనక్కి సాగుతుంది, అమ్మ కూర్చున్న బెంచీ దూరంగా చిన్నదైపోతుంది. బస్తాలన్నీ మోపెడ్ మీదికి ఎక్కి పైకప్పు దాటిపోతాయి. నేనొక్కణ్ణి కూర్చుంటేనే కుంగే దాని వెనక టైరు ఇప్పుడు వెంట్రుకవాసి కూడా కుంగదు.

అందరం తుమ్ము కోసం ఎదురుచూస్తాం. గుంటూరులో ఒక్క మిర్చి బస్తా విప్పితే వీధి చివర కుక్క కూడా తుమ్ముతుంది. జడ్జి గారు రుమాలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు ఆగుతారు. మళ్ళీ జేబులో పెట్టుకుంటారు.

"సరుకు లేదు. మోసం రుజువైంది. ఎవరు చేశారన్నది తేలాలి."

బిల్లులన్నిటి మీదా పేరు నాదే కదా.

జడ్జి గారు నల్లకోటు లోపల్నుంచి ఒక తువ్వాలు తీసి దిగి వస్తారు. యార్డులో పాత వ్యాపారులు అలాగే, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. ఆయన నా చేతి మీద తువ్వాలు కప్పి, కింద నా వేళ్ళు పట్టుకుంటారు. నా చెయ్యి జ్వరం చూపించుకుంటున్నట్టు ఊరికే పడి ఉంటుంది.

"ఏం మాట్లాడవేం?"

"ఏం మాట్లాడాలో తెలియదండి."

"సరే," అని ఆయన పక్కకు జరుగుతారు.

చలమయ్య గారి చేతి మీద తువ్వాలు పూర్తిగా పడకముందే అది ఎగిరెగిరి పడుతుంది, కింద చేప ఉన్నట్టు.

"చెయ్యి లాక్కోండి బాబూ!" ప్లీడరు ఆయన చెవిలో అంటాడు, హాలంతా వినపడేలా.

"ఎట్టా లాక్కుంటానయ్యా, బేరం తెగలా!"

"ఏమంటోందండీ చెయ్యి?" హైమవతి గారు అడుగుతారు.

"తీర్పు ఎంతకిస్తావని నన్ను అడిగింది. నేను పలకకపోతే తనే ధర పెంచింది," జడ్జి గారు కళ్ళు మూసుకుని చెబుతారు. "ఇప్పుడు, కుర్రాడికేం తెలియదు, అందుకే వాడి పేరు పెట్టాం, వాణ్ణి లోపలేస్తే ఇంకో వాటా అంటోంది."

"నేను కాదండీ, అది అలవాటు," అంటారు చలమయ్య గారు.

"నాక్కావలసింది అదే," అంటారు జడ్జి గారు.

తీర్పు అక్కడే నిలబడి చదువుతారు. చలమయ్య గారికి శిక్ష, నాకు విడుదల. ఆయన్ని పోలీసులు తీసుకెళ్తారు. చెయ్యి మాత్రం తువ్వాలు కింద ఉండిపోయి ఇంకా బేరమాడుతోంది. క్లర్కు దానికి చీటీ కట్టి బీరువాలో పెడతాడు. నా గుండె మీద ఇంతకాలం కూర్చున్నవాళ్ళెవరో లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోతారు.

"నీ పేరు తీసుకుపో," అంటాడు క్లర్కు, పక్కగది తలుపు తీసి.

నా పేరు బయటికి వస్తుంది. పెద్దమనుషుల మధ్య తిరిగి బొజ్జ పెంచింది, వేళ్ళకు ఉంగరాలు. మమ్మల్ని గుర్తుపట్టదు.

"ఏందిరా ఈ వాలకం! దా ఇటు," అని అమ్మ దాని చెవి పట్టుకుని కోర్టు ఆవరణలో కుళాయి కింది తొట్టి దగ్గరికి లాక్కుపోతుంది. నేల మీద కూర్చుని కాళ్ళు చాపుతుంది. పసిపిల్లలకు పోసినట్టు దాన్ని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నీళ్ళు పోస్తుంది. చెంబు చెంబుకీ అది చిన్నదవుతుంది. ఉంగరాలు జారి నీళ్ళలో కొట్టుకుపోతాయి. బొజ్జ పోతుంది, మీసం పోతుంది. చివరికి ఎర్రగా, గుప్పెళ్ళు మూసుకుని కేర్‌మంటుంది. అమ్మ కొంగుతో తుడిచి నా చేతుల్లో పెడుతుంది.

వెనక్కి తిరిగి చూస్తే పెద్ద వరస. ప్లీడర్లు, గుమాస్తాలు, చివర జడ్జి గారు, ఎవరి పేరును వాళ్ళు చంకనెత్తుకుని నిలబడ్డారు. కొన్ని మరీ బరువుగా ఉన్నాయి.

"తోసుకోకండయ్యా, అందరికీ పోస్తా," అంటోంది అమ్మ, చెంబు ముంచుతూ.