బుగ్గ లోపలి ఎర్ర మచ్చ

"ఈ మధ్య నీ వంట ఆసుపత్రి కూడులా ఉంటోంది తులసీ" అన్నారు మా ఆయన, ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు కలుపుకుంటూ. మా అత్తగారు మహాలక్ష్మమ్మగారు వెంటనే కారప్పొడి సీసా తెచ్చి కొడుకు కంచం పక్కన పెట్టారు. కారం తగిలితే నా బుగ్గలు భగ్గుమంటున్నాయని ఆర్నెల్లుగా చెబుతూనే ఉన్నాను. వేడి చేసిందన్నారు అత్తగారు. మజ్జిగ తాగాను, మందుల కొట్టువాడిచ్చిన బి కాంప్లెక్సు మింగాను. మంట తగ్గలేదు. రుచి చూడలేక అంతా ఉజ్జాయింపుగా వండుతున్నాను.

మాకు రామచంద్రపురంలో కిరాణా కొట్టు. పుష్కరాలు అయిన మరుసటేడు మాట ఇది. వంట ముగించి నేను కొట్లో కూర్చుంటే ఆయన ఇంటికెళ్లి భోంచేసి, నడుం వాల్చి, తీరిగ్గా వచ్చేవారు. అప్పటిదాకా నాకు తిండి లేదు. కడుపు కాలినప్పుడల్లా గల్లాపెట్టె మీద దండలుగా వేలాడే వక్కపొడి పొట్లం ఒకటి చింపి బుగ్గన పెట్టుకునేదాన్ని. ఆకలి చచ్చేది. "సొంత కొట్టేగా, తిననీ" అని ఆయన అత్తగారితో అంటే, నా మీద ప్రేమే అనుకున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ నోట్లో పట్టే అన్నం ముద్ద చిన్నదవుతూ వచ్చింది. చిన్నది చేస్తున్నది నేనేనని కూడా గమనించలేదు.

దవడ పన్ను సలిపితే, సరుకుకి రాజమండ్రి వెళ్తూ ఆయన నన్ను పళ్ల డాక్టరు సూర్యకళగారి దగ్గర దింపారు. ఆవిడ నోరు తెరవమన్నారు. తెరిచాను. ఇంకా తెరవమన్నారు. అంతేనండీ అన్నాను. నా మూడు వేళ్లు నోట్లో నిలువుగా పెట్టి చూసుకోమన్నారు. రెండే పట్టాయి. అద్దంలో చూపించారు. గులాబీరంగులో ఉండాల్సిన బుగ్గ లోపలంతా పాలిపోయి, తాకితే తాడులా బిగిసి ఉంది. దాని వెనక చింతగింజంత ఎర్ర మచ్చ. నొప్పి లేదు కాబట్టి ఫరవాలేదేమో అన్నాను. నొప్పి లేకపోవడమే మోసమన్నారు. వక్కపొడి తింటానని విని, బుగ్గలు బిగిసింది దానివల్లేనని, ఇవాళే మానెయ్యాలన్నారు. తెల్ల మచ్చ గాని, ఎర్ర మచ్చ గాని, గడ్డ గాని, రెండు మూడు వారాలకీ మానని పుండు గాని కనిపిస్తే ఎవరూ చూపించుకోకుండా ఆగకూడదన్నారు.

"క్యాన్సరాండీ?"

"కాకపోవచ్చమ్మా. కానీ వదిలేస్తే అయ్యే రకం. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితేనే తెలుస్తుంది."

తిరుగు బస్సులో మండపేట దాటేదాకా ఆయనతో ఎలా చెప్పాలో తోచలేదు. చెప్పాక, "కాకపోవచ్చందిగా, ఇంకేంటి? కెలికితే లేనిది పుడుతుంది" అన్నారు. ఇంటికొచ్చాక అత్తగారు, ముక్క కోయించుకుని పోయిన వాళ్ల పిన్ని కథ చెప్పారు. ఎవరి మాట నిజమో నాకు తెలియలేదు. జబ్బయితే మంచమెక్కుతాను, కాకపోతే పొయ్యి దగ్గరికెళ్తాను. అవునూ కాదూ కానిదాన్ని ఈ ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలి? క్యాన్సరే అయితే ఎవరైనా నాకు ముందు వడ్డిస్తారేమోనని కూడా ఒక క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తిన్నది నేనే కదా, తప్పు నాదేనా? మరి ఆ ఆకలి ఎవరిది? పొట్లాలు మానేశాక ఆ ఆకలి తిరిగొచ్చింది. ఇన్నేళ్లూ ఎక్కడికెళ్లిందో అది. కొట్లో కూర్చుని జనానికి అవే పొట్లాలు చింపి ఇస్తుంటే చేతులు నావి కానట్టుండేవి. రోజూ అద్దంలో చూసుకునేదాన్ని. ఒకరోజు మచ్చ తగ్గినట్టుండేది, మర్నాడు పెరిగినట్టుండేది.

గురువారం పొద్దున్న కాఫీ ఇస్తూ ఆయనతో చెప్పాను. "ఇవాళ కొట్లో మీరే ఉండండి. నేను రాజమండ్రి వెళ్తున్నాను."

"ఎవరితో?"

"బస్సులో."

ఆయన వద్దనలేదు, వస్తాననలేదు. కాఫీ చల్లారిందన్నారు. వేడిచెయ్యకుండానే బయల్దేరాను. దారంతా దిగిపోదామా అనుకుంటూనే ఉన్నాను. దిగలేదు.

సూర్యకళగారి గదిలో సూదీ, కత్తెరా ట్రేలో సర్దుతున్న నర్సు ఒక కాగితం ముందుకు జరిపి, మీ ఆయన ఎక్కడున్నారు, కోతకి ఆయన సంతకం కావాలి అంది. గుమ్మం వైపు చూశాను, అక్కడెవరూ ఉండరని తెలిసీ. తప్పు చేస్తున్నానో ఒప్పు చేస్తున్నానో ఆ నిమిషానికీ నాకు తెలియదు.

"నోరు నాదేనండీ," అన్నాను. "పెన్ను ఇలా ఇవ్వండి."